కార్డుకు కొసరు

తూకం అయ్యాక గుప్పెడు ఎక్కువ వేయించుకోకపోతే అది బేరమే కాదని నమ్మిన ఇంట్లో పుట్టాను. మా నాన్నకు వరంగల్ బజార్లో కిరాణా దుకాణం. తన దగ్గర ఎవరైనా కొసరు అడిగితే విసుక్కునేవాడు. తాను కొనేచోట మాత్రం కొసరు లేనిదే కదిలేవాడు కాదు. ఆ రెండో గుణమే నాకొచ్చింది. నాతో కూరగాయలకు వస్తే మా ఆవిడ నాలుగడుగుల దూరంలో, నేనెవరో తెలియనట్టు నిలబడేది.

ఎనభైలు ముగియవస్తున్న రోజుల్లో, ఒక బ్యాంకు యువకుడు మా ఆఫీసుకొచ్చి కొత్తగా క్రెడిట్ కార్డు ఇస్తామన్నాడు. గడువులోగా కడితే వడ్డీ లేదట, దాటితే నూటికి నెలకు రెండున్నర. రెండు చేయమన్నాను. రేటు పైనుంచి అచ్చయి వచ్చిందన్నాడు. పోనీ రెండుంబావు అన్నాను. పక్క సీట్లవాళ్లు నవ్వారు. కార్డుతోపాటు ప్రమాద బీమా, ఒక రెగ్జిన్ సంచీ ఉచితమని తేలింది. సంచీలు రెండడిగి ఒకటి తెచ్చుకున్నాను.

కార్డు వచ్చేసరికి ఇంట్లో దానికి పని సిద్ధంగా ఉంది. మా ఆవిడ పక్కింటివాళ్ల మిషన్ మీద కుట్టు నేర్చుకుంది. దగ్గర్లోని బడి హెడ్ మేడం పిల్లల యూనిఫాంలు ఆమెకే ఇస్తానన్నారు. కానీ సొంత మిషన్ ఉండాలి. మే పంతొమ్మిదిన ఇంటికొచ్చి చూశాకే బట్ట అప్పగిస్తారు. కూలి మాత్రం బడి తెరిచాక, జూన్ ఆఖరున.

ఇక్కడ నా దుకాణం బుద్ధి మేల్కొంది. కార్డు బిల్లు ప్రతి నెలా ఇరవైన తయారవుతుంది, ఆ తర్వాత ఇరవై రోజుల్లో కట్టాలి. ఇరవైకి ముందు కొంటే జూన్ తొమ్మిదికల్లా డబ్బు కావాలి. కూలి అప్పటికి రాదు, వడ్డీ మొదలవుతుంది. ఇరవై ఒకటిన కొంటే జూలై పది దాకా ఫికర్ లేదు. టోకు సేటు అమావాస్యకు లెక్క తేల్చేవాడు కనుక మా నాన్న పాడ్యమి నాడే సరుకు ఎత్తేవాడు; నెల రోజుల ఉద్దెర ఊరికే దక్కేది. బ్యాంకు ఇవ్వనన్న కొసరు క్యాలెండర్లోంచి లాగానని పొంగిపోయి, ఇరవై ఒకటి దాకా ఆగుదామని మా ఆవిడకు చెప్పాను.

"మీ కొసరు మీకొస్తది, నా బట్ట ఎవలకో పోతది," అంది. "పంతొమ్మిదిన మేడమొస్తే ఏం చూపియ్యాలె? మీ సంచా?"

మేడంను రెండు రోజులు ఆగమని అడుగుదామా అన్నాను. ఆమెతో బేరం పెట్టుకుంటే ఉన్నదీ పోతుందని, నన్ను వెంటబెట్టుకుని చౌరస్తాలోని కుట్టు మిషన్ల దుకాణానికి బయలుదేరింది. ఈసారి నాలుగడుగుల దూరంలో నిలబడింది నేను.

తగ్గింపు నగదుకేనని, కార్డు మీద బ్యాంకు తనకూ కమీషన్ కోస్తుందని మిషన్ల దుకాణం సేటు ముందే చెప్పేశాడు. ఆమె ధర ఊసే ఎత్తలేదు. బడి యూనిఫాంల సంగతి చెప్పింది. దారాలు, సూదులు, మరమ్మతు ఇక ఇక్కడేనంది. అప్పుడు అడిగింది.

"ధర నువ్వన్నదే కానియ్ సేటు. మిషిని ఇయ్యాల పంపు, బిల్లు ఇరవై ఒకటిన కొట్టు."

"అందాక నాకేం భరోసా చెల్లే?"

ఆమె నా వైపు చెయ్యి చాపింది. నేను కార్డు తీసి ఇచ్చాను. దాన్ని సేటు ముందు పెట్టింది.

"కార్డును కుదువ పెడుతున్నవా?" అని సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే దాన్ని గల్లాపెట్టెలో పసుపుకొమ్ముల పక్కన పెట్టుకున్నాడు.

పంతొమ్మిదిన మేడం వచ్చి మిషన్ తొక్కి చూశారు. ఆ సాయంత్రమే బట్ట దిగింది. ఇరవై ఒకటిన నేను దుకాణానికి వెళ్తే, సేటు కార్డు మీద కార్బన్ కాగితం పరిచి, దాని అంకెలు బిల్లు మీద అచ్చుపడేలా రోలర్ లాగి, సంతకం చేయించుకుని కార్డు తిరిగిచ్చాడు. వచ్చినవాణ్ని ఊరుకుంటానా, కొసరుగా ఒక కత్తెర అడిగాను.

"మీ ఇంటామె మొన్ననే తీస్కపోయింది," అన్నాడు.

జూలైలో ఆమె కూలి డబ్బుతోనే, గడువుకు ముందే బిల్లు కట్టి ఇంటికొచ్చాను. రెగ్జిన్ సంచీ నిండా కుట్టిన చొక్కాలు, బడికి పోవడానికి సిద్ధంగా ఉన్నాయి. గుండీలు కుడుతూనే ఆమె, రెండో మిషన్ ఎంతో కనుక్కుని రమ్మంది.

"ధర అడిగి రాండ్రి, చాలు. బేరం నేను జేస్త."