మరణ కారణంలో రెండు పేర్లు

వెల్లింగ్టన్‌లో మా తమ్ముడు నిద్రలోనే పోయాడు. నడుము నొప్పికి ఇండియా నుంచి తెచ్చుకున్న ట్రమడాల్ అనే మత్తిచ్చే నొప్పి మాత్రలు, ఇక్కడి డాక్టరు రాసిన నిద్రమాత్రలు కలిసి ఊపిరి ఆపేశాయి. కావాలని చేసుకున్నది కాదని విచారణలో తేలింది. అయినా మా మరదలు అందరికీ గుండెపోటనే చెప్పింది. ఆ రోజుల్లో ఆమెతో వాదించే స్థితిలో ఎవరం లేము.

ఇలాంటి చావులను విచారించే కరోనర్ దగ్గరి నుంచి తుది నివేదిక ముసాయిదా రావడానికి దాదాపు ఏడాది పట్టింది. కుటుంబం ఏమైనా చెప్పదలిస్తే చెప్పవచ్చన్నారు. మరణ కారణం దగ్గర 'పలు మందుల విషప్రభావం' అని మాత్రమే ఉంది. మందుల పేర్లు వెనక ల్యాబ్ రిపోర్టులో ఉండిపోయాయి. మరణ ధ్రువపత్రంలోకి ఎక్కేది ఆ ఒక్క వాక్యమే. ఏ మందు ఎందరిని తీసుకుపోతోందో లెక్క వేసేవాళ్ళు చూసేదీ దాన్నే. పేర్లు అక్కడే రాయమని అడుగుదామన్నాను.

మరదలు ఒప్పుకోలేదు.

"పేర్లు రాస్తే మత్తుకు అలవాటు పడ్డాడనుకుంటారు వదినా. రేపు పిల్ల ఆ కాగితం చూస్తే?"

ఆ మాట అక్కడితో వదిలేశాను. రాయవలసింది భార్యగా ఆమే.

సంవత్సరీకం భోజనాలయ్యాక, తమ్ముడి ఆఫీసులో పనిచేసే పెద్దాయన ఒకాయన మోకాలు పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. మనవాళ్ళలో ఎవరు ఇండియా వెళ్ళొచ్చినా సూట్‌కేసులో పచ్చళ్ళతో పాటు మాత్రల షీట్లూ వస్తాయి. నలుగురికీ పంచుతాం.

"ఏమనుకోకమ్మా," అన్నాడాయన మరదలితో, మొహమాటంగా. "మీ ఆయన తెచ్చిన ఆ నొప్పి మాత్రలు ఏమన్నా మిగిలాయా? నాకో షీటు ఇచ్చాడు. పొదుపుగా వాడినా అయిపోవచ్చింది."

మరదలు చేతిలోని గిన్నె గట్టు మీద పెట్టింది.

"నిద్రమాత్రలు కూడా వేసుకుంటారా అంకుల్?"

"అప్పుడప్పుడు. మీ ఆంటీవి."

"ఇక వద్దు. ఆయనది గుండెపోటు కాదు. ఆ రెండూ కలిసే ఆయన పోయారు."

మరదలు హాల్లోకి వెళ్ళి ఆయన భార్యకూ అదే మాట చెప్పింది, గొంతు తగ్గించకుండా. అక్కడున్నవాళ్ళంతా విన్నారు.

ఆ వారంలోనే కరోనర్ ఆఫీసుకు తనే రాసింది. ధ్రువపత్రం వచ్చినప్పుడు అందులో రెండు పేర్లూ ఉన్నాయి. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, తండ్రి ఏ మాత్ర దేనికి వేసుకునేవాడో, కలిస్తే ఏమైందో ఇంగ్లీషులో వివరించింది. పిల్ల ఒక్కటే అడిగింది, ఈ సంగతి నాన్నకు తెలియదా అని.

తెలియదు, అంది మా మరదలు.