తంగేటి పొద దాకా బేరం

నా చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గాక నేను నడవడం మానేశాను. కాళ్లకు ఏమీ కాలేదని కావలి డాక్టరు చెప్పినా, నిలబడితే పడిపోతానని భయం. దానికి తోడు, అందరూ ఎత్తుకు తిప్పుతుంటే ఆ సుఖం మరిగాను. ఇలాగే ఉంటే పిల్ల కాళ్లు చచ్చుబడతాయని ఇంట్లో అందరికీ దిగులు.

మా మేనత్తకి బజార్లో గాజుల కొట్టు ఉండేది. నా అసలు చదువంతా ఆ కొట్టు అరుగు మీదే. అడిగిన ధరకి అమ్మేవాళ్లు మారుమాట లేకుండా ఒప్పుకున్నారంటే, కొన్నవాళ్లు మోసపోయినట్టేనని ఎనిమిదేళ్లకే నాకు తెలుసు.

ఆ కార్తీకంలో అత్త నన్ను బస్సులో ఉదయగిరి తీసుకుపోయింది. కొండ మొదలు దాకా ఎత్తుకుని, అక్కడ దించి, పైదాకా నడవాలంది. వానలకు కొండ పచ్చబడింది. దారి పొడుగునా తంగేడు విరగబూసి ఉంది. నేను బేరానికి దిగాను. అదిగో, ఆ మొదటి పొద దాకానే, ఆపైన ఒక్క అడుగు కూడా వెయ్యనన్నాను. ఆమె కొండకొన నుంచి బేరం తగ్గిస్తూ వస్తే సగం దారిలో తెగుతుందని నా ఎత్తు.

"సరే మే. ఆడికే చాలు," అంది.

ఇంత తొందరగా ఒప్పుకుందంటే ఇందులో ఏదో ఉంది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని పొద దాకా నడిచాను. అక్కడ అత్త తీరిగ్గా కూర్చుని, వక్కాకు నములుతూ, "ఇంక దిగిపోదామా?" అంది. పై మలుపులో ఏదో మంచి సరుకు నాకు చూపించకుండా దాస్తోందనిపించింది. మలుపు దాకా అన్నాను. సరేనంది. తర్వాత ఊదారంగు గడ్డిపూలు పూసిన బండ దాకా. దానికీ సరే. ఆమె నా చెయ్యి ఎప్పుడు వదిలేసిందో నేను గమనించనే లేదు.

కొండ వెన్ను మీద గాలి ఈడ్చి కొడుతోంది. కింద చెరువులు అద్దం పెంకుల్లా మెరుస్తున్నాయి. తూర్పున, చివరాఖర్న, సన్నటి నీలిగీత. అదే మన కావలి వైపు సముద్రమని అత్త చూపించింది. ఉత్త మంచే అయ్యుండొచ్చు. కొండ మొదలు దాకా నన్ను ఎత్తుకొచ్చిన చెయ్యి అది. అందుకని నేను కాదనలేదు. బేరమాడకుండా నేను తీసుకున్న సరుకు నా జన్మలో అదొక్కటే.

ఇప్పుడు నా మోకాళ్లు రోజూ మేడమెట్ల దగ్గర బేరానికి దిగుతాయి. మూడో మెట్టు దాకానే వస్తామంటాయి. సరే, ఆడికే చాలంటాను. అవి అనుమానపడి నాలుగోది ఎక్కుతాయి.