ఆమె పీకేసిన పాలకూర

మా యారాలు పోయిందన్న కబురు నాకు రైతుబజారులో అందింది. గోంగూర కట్టల మీద నీళ్లు చిలకరిస్తుంటే మా ఆయన ఫోన్ చేశాడు. పొద్దున చాయ్ తాగి కూర్చున్న మనిషి అట్లనే పక్కకు ఒరిగిందట. దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదు. విషయం చెప్పగానే చుట్టుపక్కల అమ్మేవాళ్లంతా ఏడ్చారు. నాకంటే ముందు వాళ్లకు కన్నీళ్లు వచ్చాయి. అప్పుడు కూడా నాకు కుళ్లుగానే అనిపించింది.

ఆమె మా బావ భార్య, నా తోడికోడలు. అక్కా అని పిలిచేదాన్ని. వరంగల్ అంచున మా రెండిళ్ల మడులూ పక్కపక్కనే. వాళ్లది పల్లం, పట్నం మురికికాలువ నీళ్లు పారేవి. మాది మెరక, బోరే దిక్కు. ఆమె పాలకూర అరచేయంత ఆకుతో నిగనిగలాడేది. నాది పలచగా, పాలిపోయి ఉండేది. ఒకే ఆటోలో హనుమకొండ పోయి పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఆమె తట్ట ఖాళీ అయితేనే జనానికి నేను కనిపించేది. మా చెల్లె దగ్గర కూడా చూడుండ్రని ఆమె చెబితే ఆ మాట కూడా గుచ్చుకునేది.

ఒకసారి కాలేజీ మేడం ఒకామె వచ్చి రెండు మడుల మట్టీ, ఆకూ పరీక్షకు తీసుకుపోయింది. కొన్ని వారాలకు మళ్లీ వచ్చింది. పాత బ్యాటరీలు విప్పే షెడ్ల నీళ్లు కాలువలో కలిసి అక్క మడిలో సీసం, కాడ్మియం చేరాయట. వేళ్లు వాటిని లాగి ఆకుకు ఎక్కిస్తాయట. ఆకుకూరలైతే మరీ ఎక్కువ లాగుతాయట. బాగా కడిగి అమ్మితే సరిపోదా అని అక్క అడిగింది. కడిగితే పైమట్టి పోతుందిగానీ ఆకు లోపలిది పోదని మేడం చెప్పింది. నా మడికి భయం లేదంది. ఇక నా వంతు వచ్చిందనుకున్నాను.

మర్నాడే అక్క కోతకొచ్చిన పాలకూరంతా పీకి, పశువులు నోరు పెట్టకుండా గుంత తీసి పూడ్పించింది. అమ్ముకుంటే ఎవరికి తెలుస్తుందని బావ గొడవపడ్డాడు.

"నాకు తెలుసు గద" అన్నది.

తర్వాత ఖాళీ చేతులతో నా వెంట బజారుకు వచ్చింది. తన దగ్గర కొనేవాళ్లను ఒక్కొక్కరినీ ఆపి తనే చెప్పింది.

"నా మట్టి ఖరాబైంది. ఇన్ని రోజులు తెల్వక మీకు పెట్టిన. ఇగ మా చెల్లె దగ్గర తీసుకపోండ్రి. ఆమె మడి నేను చూసుకుంట."

అప్పటినుంచి నా తట్టలో కట్ట మిగిలింది లేదు. కానీ నా పాలకూర సంచిలో వేసుకుంటూ అందరూ ఆమె గురించే మాట్లాడేవాళ్లు. పంట పోయినా ఆమె పేరు పెరిగింది. ఆ మడిలో బంతి వేస్తే పూలకూ ఆమె చుట్టే మూగారు.

చూసుకుంటానన్న మాట మాత్రం ఆమె తప్పలేదు. వారం వారం నా గట్టు మీద కూర్చుని ఆకు తిప్పి చూసేది. ఎండలకు నా బోరు తగ్గినప్పుడు కొన్నాళ్లు కాలువ నీళ్లు పెట్టుకుంటానన్నాను. వద్దని, వాళ్లింటి బావి నీళ్లు బిందెలతో మోసుకొచ్చి నా మెంతికూర బతికించింది. ఆ మంచితనం నాకెందుకు లేదని ఆ బిందెలు అందుకుంటూనే కుళ్లుకున్నాను.

దినకర్మలన్నీ అయిపోయాక బజారుకు మళ్లీ పోయాను. ఊళ్లో లేక కబురు తెలియని ఒక పెద్దావిడ వచ్చి పాలకూర కట్ట చేతిలోకి తీసుకుంది.

"మీ అక్క చూసిందా ఇది?"

గోంగూర కట్టల మీద నీళ్లు చిలకరించాను.

"చూసింది" అన్నాను.

పెద్దావిడ కట్ట విప్పి చూడను కూడా లేదు. ఇంకోటి కలిపి సంచిలో పెట్టుకుంది. సంచి అంచున ఆకులు ఊగుతుంటే, జనంలో పడి ఆటోల వైపు నడిచిపోయింది.