తవిటమ్మ పోసిన నీళ్లు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. నర్సుగా పనిచేసిన రోజుల్లో ఎన్నో శవాలకు దవడ కట్టాను, బొటనవేళ్లు కలిపి కట్టాను. వాళ్లలో ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. వార్డుల్లో చెప్పుకునే కథలు విని నవ్వేవాణ్ని.

ఇప్పుడు టెక్కలి దగ్గర ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మొదటిసారి చావును చూసిన పిల్లలు వార్డులోంచి పారిపోయి మెట్ల మీద కూర్చుని వణికేవారు. ఆ భయం తగ్గడానికి ఒక ఆట తయారుచేశాను. ఒకరు రోగిగా మంచం మీద పడుకోవాలి. చావు దగ్గరపడ్డ ఆ రోగి ఏమంటాడో ఒక చీటీలో రాసి ఇస్తాను, అది చదవాలి. మరొకరు నర్సుగా పక్కన నిలబడి దానికి తగినట్టు మాట్లాడాలి, చేయాలి. సరిగ్గా చేస్తే మార్కులు, తప్పితే కోత.

ఆట పనిచేసింది. నవ్వుతూ మొదలుపెట్టి, చివరికి తమ భయాలు తామే చెప్పుకునేవారు. నాకు గర్వం పెరిగింది.

ఒకరోజు ఆ ఆట చూడటానికి వేరే కాలేజీల టీచర్లు వస్తున్నారు. పొద్దున్నే నా స్టూడెంటు హేమలత నా దగ్గరకు వచ్చింది. కవిటి దగ్గర పల్లె ఆమెది. తండ్రి డయాలసిస్ మీద ఉన్నాడని నాకు తెలుసు.

"నాన్నకి బాగోలేదట సార్. అమ్మ ఫోన్ సేసింది. ఓపాలి ఎల్లి సూసొచ్చేత్తాను."

క్లాసులో ఆ ఆట అందరికంటే బాగా ఆడేది ఆ పిల్లే. అతిథుల ముందు ఆమే ఆడాలని నా ఆశ. ఆ మాట చెప్పకుండా, "ఇది నీ భయం హేమా. ఈ భయం పోవడానికే కదా ఆట. మధ్యాహ్నం ఆడేసి సాయంత్రం బస్సుకి వెళ్లు" అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నం నర్సుగా నిలబడ్డది హేమలత, రోగిగా పడుకున్నది శ్రావణి. నిమ్మాడ పిల్ల, అల్లరిది. కిడ్నీలు పాడైన రోగి చీటీ ఆమెకు ఇచ్చాను. "నా కొడుకు ఎప్పుడొస్తాడు?" అని అందులో నేనే రాశాను.

శ్రావణి చీటీ చూసి కళ్లు మూసుకుంది. తర్వాత, "తవిటమ్మా, గొంతుక ఎండిపోతంది. ఓ బొండం కొట్టియ్యే" అంది.

గొంతు ఆమెదే. మగగొంతు రాలేదు, ఫ్యాను ఆగలేదు.

"తవిటమ్మ ఎవులే?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"నీకు కాబోయే అత్తేమో."

అందరూ నవ్వారు. హేమలత నవ్వలేదు. బల్ల మీది సీసా తీసి, మూతతో కొద్దికొద్దిగా శ్రావణి పెదాల మధ్య నీళ్లు పోసింది. "తాగు నాన్నా" అని మెల్లగా అనడం నాకు వినబడింది.

కొబ్బరితోటల్లో పుట్టి పెరిగినవాళ్లయినా సరే, కిడ్నీలు పోయాక బొండం ముట్టకూడదు. మామూలు నీళ్లకు కూడా కొలతే. నేను అతిథుల వైపు తిరిగి, "అడిగిందల్లా పోసెయ్యడమేనా? రెండు మార్కులు కోత" అన్నాను. మళ్లీ నవ్వులు.

సాయంత్రం హేమలత బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది. తండ్రి పోయాడు.

పెద్దకర్మ అయ్యాక గానీ ఆ ఇంటికి వెళ్లే ధైర్యం రాలేదు నాకు. వాళ్లమ్మ నాకు కుర్చీ వేసి, తను గడప పక్కన కూర్చుంది.

"ఆ మజ్జానం బొండం బొండం అని ఒకటే గోల బాబూ. డాట్రుగారు వద్దన్నారని నాను ఇయ్యనేదు. తవిటమ్మని పిలిసినాడు. మన గుంట టెక్కల్లో సదువుకుంటంది కదయ్యా అన్నాను. కాసేపటికి ఏటో తాగినట్టు గుటకలేసినాడు. 'సాల్లేమ్మా' అన్నాడు. మరి దాహం అడగనేదు."

తవిటమ్మ ఎవరని అడిగాను. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈ పిల్లయినా బతకాలని హేమలతను తవుడుకి అమ్మి తిరిగి కొనుక్కున్నారట. అందుకే ఇంట్లో ఆమెను తవిటమ్మ అని పిలుస్తారు. ఎగతాళి చేస్తారని కాలేజీలో ఎవరికీ చెప్పలేదు.

"ఆ రోజు పరీచ్చంట కదా బాబూ. అందికే రానేకపోనానని సెప్పింది."

గోడ పక్కన కూర్చున్న హేమలత తల ఎత్తలేదు. నన్ను కాపాడటానికే ఆ అబద్ధం చెప్పింది. "అవునమ్మా" అన్నాను.

ఆవిడ లేచి, బొండం కొట్టి తెచ్చి నా చేతికిచ్చింది. తాగాను.

తర్వాత, ఆ రోజు అలా ఎందుకన్నావని శ్రావణిని అడిగాను. "సీటీలో ఉన్నదే సదివాను సార్, నా కొడుకెప్పుడొస్తాడని. మీరంతా ఎందుకు నవ్వారో నాకు తెలీలేదు" అంది. ఆటపట్టిస్తున్నట్టు లేదు. బహుశా హేమలత ఇంటికి ఫోన్ చేసినప్పుడు శ్రావణి ఆ పేరు విని ఉంటుంది. బహుశా తండ్రి వేసినవి పోయేముందు వచ్చే గుటకలే. ఇలా ఎన్నో చెప్పుకున్నాను. ఒక్కటీ నిలవలేదు.

ఆ ఆట ఇప్పుడు ఆడించడం లేదు. ఆ నీళ్లు ఎవరి గొంతు దిగాయో నేను చెప్పలేను. ఆ బొండం మాత్రం నాకివ్వాల్సింది కాదు.