ఒక చేతికి పసుపు

మొన్న మనవరాలికి సూది వేయించడానికి వెళ్తే, అక్కడి నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాకు మార్తమ్మ గుర్తొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. ఆమె పోయి ఇన్నేళ్లయినా ఆ కోపం మాత్రం తగ్గలేదు. నిజాం కాలం, పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. మేడ్చల్ దవాఖానా తరఫున ఆమె ఊళ్లలో టీకాలు వేసేది, నేను ఆమె కింద పని నేర్చుకోవడానికి చేరాను. శామీర్‌పేట చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి మురుగునీరు ఎటు పోతోందో, పెంటకుప్ప బావికి ఎంత దగ్గరుందో చూడాలి. చేతి మీద మశూచి టీకా మచ్చ లేని పిల్లలకు టీకా వేయాలి.

వినడానికి తేలికే. మార్తమ్మతో కలిసి చేస్తే తెలుస్తుంది. ఎవరింటికి వెళ్లినా తిన్నగా పెరట్లోకి నడిచేది, తాగే నీళ్ల కుండ మూత ఎత్తి వాసన చూసేది. "గీ నీళ్లు మీ బర్రెకు వోస్తే తాగుతదా?" అని ఇంటామెను నిలదీసేది. ఇంటామె గయ్యిమనేది. ఇద్దరి మధ్య నేను బిక్కచచ్చి నిలబడేదాన్ని. అంత రభసా అయ్యాక అదే ఇంట్లో కూర్చుని చల్ల అడిగి తాగేది!

లాల్‌గడి మలక్‌పేటలో నర్సవ్వ అనే ముసలామె ఉండేది. అంతకుముందు ఏడు ఆమె మనవణ్ణి మశూచి తీసుకుపోయింది. ఇక మిగిలింది మనవరాలు లచ్చిమి ఒక్కతే. తూంకుంటలో మళ్లీ మశూచి మొదలైందని కబురొచ్చింది. నర్సవ్వ కిక్కురుమనకుండా పిల్ల చెయ్యి చాపి టీకా వేయించింది. అంత సులువుగా ఒప్పుకుందని నేను సంబరపడ్డాను. వారం తర్వాత వెళ్లి చూస్తే ఆ చేతి మీద పొక్కు లేదు. పొక్కు లేవకపోతే టీకా పట్టనట్టే.

"ఏం జేసినవ్ అవ్వా?" అంది మార్తమ్మ.

"మీరు వోంగనే కడిగి పసుపు వెట్టిన. నా మన్మరాలికి గాటు వెడితే పోచమ్మ తల్లికి కోపం రాదా? ఒకన్ని తీస్కపోయింది సాలదా?"

మశూచి అంటే పోచమ్మ ఒంటి మీదికి రావడమేనని ఊళ్లో నమ్మకం. నాకు ఒళ్లు మండిపోయింది. "ఉన్న ఒక్క పిల్లను గూడ సంపుకుంటవా?" అని అరిచాను. నర్సవ్వ లచ్చిమిని చంకనేసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. మార్తమ్మ నా మీద విరుచుకుపడింది. "తలుపు మూసినంక ఎవలకేస్తవ్ టీకా? నీ తలకాయకా?" అంటూ అరుగు మీద చతికిలబడింది. మేం ఎక్కాల్సిన ఎడ్లబండి మా ముందునుంచే వెళ్లిపోయింది. ఆమె కదల్లేదు. నేను పళ్లు నూరుకుంటూ ఎండలో నిలబడ్డాను.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "ఇంక పోలేదా?" అంది నర్సవ్వ.

"పోను. పసుపు వద్దంటలేనవ్వా. గా చెయ్యికి వెట్టు, గీ చెయ్యి నాకియ్యి. తల్లికొకటి, నాకొకటి."

నర్సవ్వ లోపలికెళ్లి పసుపు గిన్నె తెచ్చింది. "అయితే పసుపు గూడ నువ్వే వెట్టు. నువ్వు మొక్కి వెడితే తల్లి ఏమనదు."

ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి మార్తమ్మ. ఎవరైనా చూస్తున్నారేమోనని వీధిలోకి ఒకసారి చూసింది. తర్వాత గిన్నెలో వేలు ముంచి, కళ్లు మూసుకుని లచ్చిమి చేతికి పసుపు పెట్టింది. రెండో చేతికి టీకా వేసి, మందు ఆరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఈసారి పొక్కు లేచింది. ఆ తర్వాత మశూచి ఆ వీధికీ వచ్చింది. పక్కింటి పిల్లాడు పోయాడు. లచ్చిమికి ఏమీ కాలేదు. అమ్మయ్య అనుకునేలోపే నర్సవ్వ ఊరంతా చాటింది, పసుపే కాపాడిందని! నాకు ఏడుపొక్కటే తక్కువ. "గిదేం అన్యాలం అక్కా? టీకా పేరే ఎత్తదేంది?" అన్నాను.

"ఎత్తకుంటే ఏంది? ఎవలెవల్ని తోల్కొస్తాందో సూడు," అంది మార్తమ్మ. నర్సవ్వ వెనక పిల్లలను ఎత్తుకుని వీధిలోని తల్లులంతా వస్తున్నారు. "జల్దీ పసుపు కలుపు."

మార్తమ్మ పోయాక ఆ ఊళ్లన్నీ నా నెత్తిన పడ్డాయి. టీకా ఎందుకో, ఎలా పనిచేస్తుందో నోరు నొప్పిపుట్టేలా చెప్పేదాన్ని. తల్లులు బుద్ధిగా విని, పిల్లల రెండు చేతులూ చాపేవాళ్లు. విసుక్కుంటూనే ఒక చేతికి పసుపు పెట్టేదాన్ని. రెండోది మాత్రం, ఆరేదాకా వదిలేదాన్ని కాదు.