షురూ చేసినోళ్ల కోసం

మా పక్కింటి అత్త కొడుకు సిపాయి. మన సైన్యంతో లంకకు పోయినవాడి ఆచూకీ మళ్లీ తెలియలేదు. ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు కొమ్ములు ఏరుతూ ఆమె ప్రతి వ్యాపారినీ అడిగేది: "గా కొట్లాట ఎవలు షురూ చేసిండ్రు సేటూ?"

తమిళులను తరిమిన అక్కడి సర్కారేనని పసుపు కొనడానికి తమిళనాడు నుంచి వచ్చిన ఈరోడ్ వ్యాపారి అన్నాడు.

"కాదు, సర్కారు మీద తిరగబడ్డ గా తమిళ పోరగాండ్లకు తుపాకులిచ్చింది మనోళ్లే," అన్నాడు అడ్తిదారు.

అత్త కొమ్ములు ఏరడం ఆపి అతని వైపు తిరిగింది. "మనమే ఇచ్చి, గా తుపాకుల ముందటికే నా కొడుకును తోలిండ్రా?"

ఏళ్ల తర్వాత నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఆమె పాత పేపర్లు తెచ్చి చదివించుకునేది. ఒక పేపర్ ఒకరిది తప్పంటే, ఇంకోటి ఇంకొకరిదనేది.

"ఇడిసిపెట్టు అత్తా, తెలిసి ఏం జేస్తవ్?" అన్నాను.

"షురూ చేసినోడు దొరికితే, నా కొడుకు ఏడున్నడో ఆన్నే అడుగుత. సదువు బిడ్డా."