వెనక సింహం

గుడ్డ చేతికొస్తే చాలు, తిరగేసి వెనకవైపు చూసేవాడు మా మేనమామ. తిరుత్తణిలో మగ్గం నేసేవాడు. నా పెళ్లిచీరను కూడా అందరి ముందరా తిరగేసినాడు.

ఒక ఏడు తిరువళ్ళూరు చేనేత పోటీలో రాజముద్ర నేయమంటే అందరూ మూడు సింహాలే నేసినారు. బెల్‌బాటమ్ ప్యాంటు ఆఫీసరు మామ గుడ్డను ఒక చూపు చూసి ముందుకు పోబోయినాడు.

"అయ్యా, రోంత తిరగేయండి" అన్నాడు మామ.

ముందరికి ఒక్క పోగు తేలకుండా, వెనక ఇంకో సింహం!

"స్తంభం మీద సింగాలు నాలుగు గదయ్యా. ముందర మూడుండాయి సరే, ఎనక కాపలా ఎవురు?"

హాలంతా ఈలలు, చప్పట్లు. ఆఫీసరే మామ మెడలో పతకం వేసినాడు.

మామ వెంటనే దాన్ని తిరగేసినాడు. వెనక బోడిగా ఉంది.

"ఇది మన నేతోళ్లు చేసింది గాదు" అని పకపకా నవ్వినాడు.